పాత టూ-స్ట్రోక్ బండి సరిగ్గా నడవట్లేదా? కార్బరేటర్ స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

గుణుపురంలో ఆ బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజను అప్పటికే వేడిగా ఉంది. అక్కడే వెనక్కి తిరిగి రావాల్సింది. కానీ బటన్ టైర్లు, పైకెత్తిన మడ్‌గార్డు, పక్క నుంచి పైకి వంచిన సైలెన్సర్ చూసి మనసు పారేసుకున్నాను. ఓఆర్-18 నంబరు ప్లేటున్న యమహా ఆర్ఎక్స్ 100. ఎవరో కొండదారులకి, మట్టి రోడ్లకి తగ్గట్టు మార్చుకున్నారు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. డబ్బులిచ్చి రాయగడ దాకా తోలుకొచ్చాను.

మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజనుకి ఇరవై కిక్కులు పట్టాయి. స్టార్టయ్యాక యాక్సిలరేటర్ వదిలేసినా రేజింగ్ తగ్గదు, గాల్లో వేలాడినట్టు అలాగే ఉంటుంది. ఎత్తు ఎక్కితే లాగదు. ముగ్గురు మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్ళాను. ముగ్గురిదీ ఒకటే మాట: "కార్బేటరు పోయింది బాబూ." రెండు కార్బరేటర్లు మారాయి, నాలుగు జెట్లు (పెట్రోలుని కొలతగా వదిలే సన్న రంధ్రపు ఇత్తడి ముక్కలు) మారాయి. చివరికి తేలింది ఏమిటంటే, మాగ్నెట్ (స్పార్కుకి కరెంటిచ్చే చక్రం) వైపు ఆయిల్ సీలు ఎండి గట్టిపడిపోయింది. ఒక బిర్యానీ పొట్లం ఖరీదు కూడా చెయ్యని రబ్బరు ముక్క.

ఈ బండ్లు మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వైపు ఇంకా ఎందుకు తిరుగుతున్నాయో చెప్పక్కర్లేదు. ఆర్ఎక్స్ 100 తయారైంది 1985 నుంచి 1996 దాకానే. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు వంద కిలోల చిల్లర. బురదలో దిగబడితే ఇద్దరు పట్టి లేపేయొచ్చు. అయితే ఇప్పుడు దొరికే ఏ బండికైనా తక్కువలో తక్కువ పాతికేళ్ళ పైనే వయసుంటుంది, పది చేతులు మారి ఉంటుంది. అందుకే కింద చెప్పిన వరస ముఖ్యం. ఖర్చు లేనివి ముందు, విప్పాల్సినవి తర్వాత, కార్బరేటర్ ట్యూనింగ్ అన్నిటికన్నా ఆఖర్న. ఆర్ఎక్స్ కాకపోయినా, షోగన్ అయినా యెజ్డీ అయినా అసలైన డర్ట్ బైక్ అయినా ఇదే వరస. కొలతలు మాత్రం మీ బండి మాన్యువల్లోవి తీసుకోండి.

కాగితాల గురించి ఒక్క మాట. ఆంధ్రా నంబరు బండి ఇటు, ఒడిశా నంబరు బండి అటు అమ్ముడవడం మనకి మామూలే. పాత ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) లేకుండా కొంటే ఇంజను బాగైనా బండి మీ పేరు మీదికి రాదు. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో కూడా చూసుకోండి.

1. బండి ఏమంటోందో ముందు రాసుకోండి

"పికప్ లేదు" అంటే ఏమీ చెప్పనట్టే. ఎప్పుడు లేదు? చల్లగా ఉన్నప్పుడా, పదిహేను నిమిషాలు నడిచాకా? యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు?

గ్రిప్పు మీద, దాని పక్కన కదలని భాగం మీద తెల్ల టేపు అంటించండి. పూర్తిగా వదిలినప్పుడు, పావు, అర, ముప్పావు, ఫుల్ తిప్పినప్పుడు ఎక్కడికి వస్తుందో పెన్నుతో గీతలు పెట్టండి. బండి తోలుతూ ఏ గీత దగ్గర తేడా చేస్తోందో చూసి నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత కార్బరేటర్‌లో ఏ భాగాన్ని అనుమానించాలో ఈ గీతలే చెప్తాయి. అది లేకుండా జెట్లు మారిస్తే చీకట్లో రాళ్ళు విసరడమే.

రెండో నియమం: ఒకసారికి ఒక్కటే మార్పు. ప్లగ్గు, జెట్టు, ఫిల్టరు ఒకే రోజు మార్చేస్తే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలీదు.

2. ఆయిల్ పంపు ఉందా, పీకేశారా?

ఇది స్టార్ట్ చెయ్యకముందే తెలుసుకోవాలి. ఆర్ఎక్స్ 100కి కంపెనీ ఇచ్చిన ఆటోలూబ్ పంపు ఉంటుంది. పక్క ట్యాంకులో టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజను ఆయిల్) పోస్తే, అదే కొలతగా ఇంజనుకి పంపిస్తుంది. బండిని కొండదారులకి మార్చేవాళ్ళు చాలామంది ఈ పంపు తీసేసి, ఆయిల్‌ని నేరుగా పెట్రోల్లో కలుపుతారు. అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పడం మర్చిపోతారు. మీరు వట్టి పెట్రోలు కొట్టించి బయల్దేరితే కొన్ని కిలోమీటర్లలోనే పిస్టన్ సిలిండర్లో బిగుసుకుని పట్టేస్తుంది.

ఆయిల్ ట్యాంకు ఎండిపోయి బూజు పట్టి ఉన్నా, పంపు నుంచి కార్బరేటర్ వైపు వెళ్ళాల్సిన సన్న ఆయిల్ గొట్టం లేకపోయినా పంపు లేనట్టే లెక్కపెట్టండి. పంపు ఉన్నా అది పని చేస్తోందని నమ్మకం కుదిరేదాకా మొదటి ట్యాంకుకి లీటరుకి 20 మి.లీ. కలిపే నడపండి. కాస్త పొగ వస్తుంది, నష్టం లేదు. పంపు లేని బండికి మంచి టూ-టీ ఆయిల్ లీటరుకి 25 నుంచి 30 మి.లీ. చాలు. "ఇంజను బాగుండాలి" అని యాభై మి.లీ. పోసేవాళ్ళున్నారు. ఆయిల్ పెరిగినకొద్దీ అదే జెట్టు గుండా వెళ్ళే పెట్రోలు తగ్గుతుంది. ప్లగ్గు నల్లబడుతుంది, మిశ్రమం మాత్రం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ (దీనికి తిరగేస్తే చిక్కన). ఒకే బండిలో రెండు జబ్బులు.

బండి మూడు నెలలు మూలన పడి ఉంటే ట్యాంకులో ఉన్నది పూర్తిగా దించేయండి. దాన్ని గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది గాల్లోని తేమని పీలుస్తుంది. మన కొండల వానాకాలంలో మూత సరిగ్గా లేని ట్యాంకులోకి తేమేమిటి, నీళ్ళే దిగుతాయి. నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి కింద వేరే పొరగా దిగిపోతాయి. పెట్రోలూ, మీరు కలిపిన ఆయిలూ పైన తేలుతాయి. ట్యాంకు అడుగునుంచి ఇంజనుకి వెళ్ళేది ఆయిల్ లేని కింది పొర. సీసాలో గీత కనిపిస్తే ఆ పెట్రోలు చేతులు కడుక్కోడానిక్కూడా వాడకండి.

3. ప్లగ్గు, మంట (స్పార్క్)

పది నిమిషాలు తోలి ప్లగ్గు తియ్యండి. పింగాణీ భాగం బిస్కట్ రంగులో ఉంటే మంచిది. తడి నలుపు అంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ, లేదా మంట చాలట్లేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మిశ్రమం పలచగా ఉంది, ఇంజను వేడెక్కుతోంది. ఆ రంగు కనిపిస్తే బండిని ఇక ఫుల్ యాక్సిలరేటర్ మీద తోలొద్దు. కారణం దొరికేదాకా ఆపేయండి.

అది అసలు ఈ బండికి తగిన ప్లగ్గేనా? ఇక్కడ ఒక తిరకాసుంది. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్, అంటే మన పాత మైకో ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడిది. "ఏడు నంబరు ఇవ్వు" అని కంపెనీ చెప్పకుండా అడిగితే తేడా అయిపోతుంది. ప్లగ్గు గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి.

మంట చూడ్డానికి ప్లగ్గుని క్యాప్‌లో పెట్టి, దాని ఒంటిని హెడ్ రెక్కలకి ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టి, ప్లగ్గుని దానికి దూరంగా పట్టుకోండి. లోపల్నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దగ్గరుంటే అంటుకుంటుంది. నీలంగా, టప్ మని చప్పుడుతో వస్తే మంట బాగున్నట్టు. పసుపుగా, బలహీనంగా వస్తే ముందు ప్లగ్గు క్యాప్ తిప్పి తీసి, వైరు కొన అర సెంటీమీటరు కోసి మళ్ళీ బిగించండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. తర్వాత ఇంజను ఆపే కిల్ స్విచ్చి వైరు ఊడదీసి చూడండి. బురదలో తిరిగిన బండికి ఆ స్విచ్చి లోపల తడి చేరి మంటని ఎర్తుకి లాగేస్తుంది.

కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లున్న (మంట ఎప్పుడు పడాలో చెప్పే స్విచ్చి) పాత బండి అయితే గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉండాలి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య పెద్దగా మంట కనిపిస్తే కండెన్సర్ పోయినట్టు. బండి పావుగంట నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్టయితే కాయిల్ మీద అనుమానం పెట్టుకోండి. కానీ ఆగిన ఆ నిమిషంలోనే, రోడ్డు పక్కనే, మంట చూడాలి. ఇంటికి తోసుకొచ్చాక చూస్తే కాయిల్ చల్లారి మంచి మంటే ఇస్తుంది, మీరు కార్బరేటర్ని తిడతారు. అదే లక్షణం పెట్రోలు ట్యాంకు మూత రంధ్రం పూడుకుపోయినా వస్తుంది. అప్పుడు మూత తియ్యగానే "స్స్" మని గాలి పీలుస్తుంది, బండి వెంటనే స్టార్టవుతుంది.

కిక్కు వెనక్కి తన్నడం, సైలెన్సర్లో పేలడం మొదలైతే మాగ్నెట్ విప్పి దాని అర్ధచంద్రపు కీ (ఉడ్‌రఫ్ కీ) తెగిందేమో చూడండి. అది తెగితే మాగ్నెట్ క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) మీద జరిగి టైమింగు మారిపోతుంది.

4. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి

ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. స్పాంజి పొడిపొడిగా రాలిపోతే కొత్తది వెయ్యండి. బాగుంటే సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. ఫిల్టర్ లేకుండా "సౌండు బాగుంటుంది" అని నడిపేవాళ్ళకి ఒకటే చెప్తాను. మన ఎర్రమట్టి దుమ్ము సిలిండర్లోకి పోతే ఎమరీ కాయితం పెట్టి రుద్దినట్టే.

సైలెన్సర్ చివర లోపలి గొట్టం తీసి రంధ్రాలు చూడండి. ఆయిల్ మసి గడ్డకట్టి మూసుకుపోయి ఉంటే బండి తక్కువ రేజింగ్‌లో బాగానే ఉంటుంది, ఎక్కువ రేజింగ్‌లో ఊపిరాడనట్టు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ గొట్టాన్ని నిప్పుల్లో కాల్చి దులపడం మన మెకానిక్కుల పాత పద్ధతి, పని చేస్తుంది. ఆరుబయట చెయ్యండి, ఆ పొగ పీల్చకండి. సైలెన్సర్ విప్పినప్పుడు ఊరికే బిగించేయకండి, తర్వాతి పని దాంతోనే ఉంది.

5. పిస్టన్ని చూడ్డానికి హెడ్ విప్పక్కర్లేదు

టూ-స్ట్రోక్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇది. సైలెన్సర్ తీశాక పొగ వెళ్ళే రంధ్రంలోకి టార్చి వేసి, కిక్కు రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కుతూ ఉంటే పిస్టన్ గోడ, రింగులు, సిలిండర్ లోపలి గోడ కనిపిస్తాయి. నున్నగా ఉంటే మంచిది. పైనుంచి కిందికి నిలువు గీతలుంటే ఆ బండి ఎప్పుడో ఒకసారి పట్టేసింది. రింగుల కింద గోధుమ రంగు మసి చాలా కిందికి దిగి ఉంటే మంట రింగులు దాటుకుని వస్తోంది. పది నిమిషాల పని. కొనడానికి ముందే యజమానిని అడిగి చేయించుకోగలిగితే ఇంకా మంచిది. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

తర్వాత కంప్రెషన్ గేజు. ప్లగ్గు స్థానంలో బిగించి, యాక్సిలరేటర్ ఫుల్‌గా తెరిచి, ముల్లు ఆగేదాకా గట్టిగా కిక్కులు కొట్టండి. 120 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం), ఆ పైన చూపిస్తే నిశ్చింత. 90కి దిగితే స్టార్టింగ్ కష్టమవుతుంది, లాగుడు పోతుంది. తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా టూ-టీ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టండి. ముల్లు బాగా పైకి లేస్తే రింగులో బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. లేవకపోతే హెడ్ గ్యాస్కెట్ చూడండి.

బోరు చేయించాల్సి వస్తే ముందు పిస్టన్ కొనండి, తర్వాతే సిలిండర్ పట్టుకుని లేత్‌కి వెళ్ళండి. ఆర్ఎక్స్ 100 అసలు బోరు 50 మి.మీ. పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ 51 దాకా దొరుకుతాయి. చేతిలో ఉన్న పిస్టన్ కొలతకే బోరు కొట్టాలి గానీ, బోరు కొట్టాక పిస్టన్ వెతకడం తలకిందుల పని. బోరయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు గోటికి తగిలేంత పదునుగా ఉంటాయి. వాటిని కాస్త మొద్దుబార్చమని చెప్పండి, లేకపోతే రింగు ఆ అంచుకి తగిలి విరుగుతుంది. చాలాచోట్ల అడిగితేనే చేస్తారు.

6. పొట్ట చిల్లు పడిందా?

నా బండి రోగం ఇక్కడే ఉంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను.

ఫోర్-స్ట్రోక్ ఇంజనుకి క్రాంకు గది ఆయిల్ ఉండే చోటు మాత్రమే. టూ-స్ట్రోక్‌కి అది ఊపిరితిత్తి. పిస్టన్ పైకి వెళ్ళేటప్పుడు కార్బరేటర్ గుండా గాలీ పెట్రోలూ ఆ గదిలోకే పీల్చుకుంటుంది, కిందికి దిగేటప్పుడు అదే మిశ్రమాన్ని నొక్కి పైకి తోస్తుంది. ఆ గదికి ఎక్కడ చిల్లు పడినా కార్బరేటర్‌కి తెలీకుండా గాలి లోపలికి వస్తుంది. అప్పుడు మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ దిగదు. మెకానిక్ పెద్ద జెట్టు వేస్తాడు. రెండు రోజులు బాగుంటుంది. చిల్లు పెద్దదవుతుంది. ఒక మధ్యాహ్నం ఎండలో ఎత్తు ఎక్కుతుంటే పిస్టన్ పట్టేస్తుంది.

క్రాంకుకి రెండు వైపులా రెండు సీళ్ళుంటాయి. ఆర్ఎక్స్‌లో ఎడమ, మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి పీలుస్తుంది, అంటే పైన చెప్పిన కథ. కుడి, క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ పీలుస్తుంది. అప్పుడు ఎంత తోలినా ఆరని దట్టమైన తెల్ల పొగ, తడిసిన ప్లగ్గు, ఎక్కడా కారకుండానే తగ్గిపోయే గేర్ ఆయిల్ కనిపిస్తాయి. కొలకర్రతో వారానికోసారి చూస్తే తెలిసిపోతుంది.

నిర్ధారించుకోడానికి గాలి పరీక్ష చెయ్యాలి. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, పాత బీపీ మిషను చాలు. మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు పక్కన పడేసినది, పట్టీ చిరిగింది గానీ బల్బూ గడియారమూ బాగున్నది, అడిగి తెచ్చుకున్నాను. "ఏటి బాబూ, బండికి బీపీ చూస్తావా?" అని నవ్వాడు. అదే పని. టూ-స్ట్రోక్ గదిని పరీక్షించాల్సిన ఒత్తిడి సుమారు 6 పీఎస్‌ఐ, బీపీ మిషన్ గడియారంలో ఆఖరి గీత 300 మి.మీ. పాదరసం. రెండూ దాదాపు ఒకటే.

కార్బరేటర్ తీసేయండి, దాన్ని ఇంజనుకి కలిపే రబ్బరు మేనిఫోల్డ్ మాత్రం ఇంజను మీదే ఉండనివ్వండి. ప్లగ్గు బిగించే ఉండాలి. సైలెన్సర్ జాయింటు చోట లారీ ట్యూబు రబ్బరు రెండు మడతలు పెట్టి, పైన ఇనప ముక్కతో బిగించి గాలి పోకుండా మూసేయండి. మేనిఫోల్డ్ నోట్లో సరిపడే రబ్బరు బిరడా గుచ్చి క్లిప్పుతో బిగించండి. ఆ బిరడా మధ్యలో చిన్న రంధ్రం చేసి, బల్బూ గడియారమూ ఉన్న గొట్టాన్ని అందులో అమర్చండి. ఆటోలూబ్ గొట్టం ఉంటే దాన్ని కూడా మూసేయాలి. పిస్టన్ని అన్నిటికన్నా కిందికి తెచ్చి పెట్టండి, అప్పుడే పైభాగమూ గదీ ఒకటిగా కలుస్తాయి.

మేనిఫోల్డ్ నుంచే గాలి ఎందుకు కొట్టాలంటే, మధ్యలో రీడ్ వాల్వు (పల్చటి రేకుల తలుపు) ఉంటుంది. అది లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది. ప్లగ్గు రంధ్రం నుంచి గాలి కొడితే ఆ వాల్వు మూసుకుపోయి, దానికి ఇవతల ఉన్న మేనిఫోల్డ్ పగులు పరీక్షకి దొరకదు.

మెల్లగా 300 దాకా ఎక్కించి ఆపండి. అంతకన్నా ఎక్కువ కొట్టొద్దు, టైరు పంపు అసలే వాడొద్దు, సీళ్ళు బయటికి తన్నుకొస్తాయి. గడియారం చూడండి. నిమిషానికి 50 మి.మీ. కన్నా తక్కువ దిగితే ఫర్వాలేదు. మా బండికి నాలుగు సెకన్లలో సున్నా.

ఇప్పుడు సబ్బు నురుగు బ్రష్షుతో పూస్తూ వెతకాలి. ముందు మీరు పెట్టిన బిరడాలు. చాలాసార్లు లీకు అక్కడే ఉంటుంది, భయపడిపోకండి. తర్వాత మేనిఫోల్డ్‌ని చేత్తో వంచి పగుళ్ళ దగ్గర చూడండి. ఆపైన సిలిండర్ అడుగు గ్యాస్కెట్, హెడ్ జాయింటు, రెండు కేసులు కలిసే గీత, ప్లగ్గు మొదలు. మాగ్నెట్ మూత తీసి దాని వెనక నురుగు పెట్టండి. బుడగలొస్తే ఎడమ సీలు. గేర్ బాక్సు ఊపిరి గొట్టం చివర నురుగు పెట్టండి. అక్కడ బుడగ ఉబ్బితే గాలి కుడి సీలు దాటి గేర్ బాక్సులోకి పోతోంది.

ఎడమ సీలు చాలా బండ్లలో మాగ్నెట్ తీసి బయటినుంచే మార్చొచ్చు. మాగ్నెట్ తియ్యడానికి పుల్లరే వాడండి. సుత్తితో కొట్టి, పక్కల్నుంచి స్క్రూడ్రైవర్లు పెట్టి ఎగదోస్తే క్రాంకు వంకరపోతుంది. కొత్త సీలు పెట్టేముందు క్రాంకుని పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి. కదులుతోందంటే బేరింగ్ పోయింది, ఆ బేరింగే సీలుని అరగదీసింది. అప్పుడు సీలొక్కటే మారిస్తే రెండు నెలలకి మళ్ళీ ఇదే పని. ఇంజను పూర్తిగా విప్పాల్సిందే.

మేనిఫోల్డ్ తీసిన చేత్తోనే రీడ్ వాల్వు కూడా చూడండి. రేకులు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సందు కనపడకూడదు, అంచులు విరగకూడదు. విరిగిన ముక్క ఎక్కడికి పోయిందో ఆలోచిస్తే ఇంజను విప్పాలనే అనిపిస్తుంది.

7. ఇప్పుడు కార్బరేటర్

మంట, కంప్రెషన్, గాలి పరీక్ష మూడూ పాసయ్యాకే ఇక్కడికి రండి.

విప్పేముందు ఫోన్‌తో ఫోటోలు తియ్యండి. ఎయిర్ స్క్రూని మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని తిప్పులకి ఆగుతుందో లెక్కపెట్టి రాసుకోండి. గట్టిగా బిగిస్తే దాని మొన చెడుతుంది. పైలట్ జెట్టు, మెయిన్ జెట్టు విప్పి వెలుతురుకి పెట్టి చూడండి. పైలట్ జెట్టు రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, మూలన పడిన బండికి ముందు పూడేది అదే. దాన్ని ఇనప తీగతో పొడవొద్దు. అది ఇత్తడి, రంధ్రం పెద్దదైతే ఇక ఏ ట్యూనింగూ పని చెయ్యదు. పెట్రోల్లో నానబెట్టి, పంచర్ షాపు గాలితో ఊదండి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని.

పెట్రోలు రాకని ఆపే ఫ్లోట్ నీడిల్ మొనలో వలయంలా గీత పడితే మార్చండి, ఓవర్‌ఫ్లో దానివల్లే. చోక్ పిన్ను చివరి రబ్బరు అరిగితే చోక్ వెయ్యకుండానే వేసినట్టు నడుస్తుంది, బండి ఎప్పుడూ పెట్రోలు తాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. దీన్ని చాలామంది చూడరు. యాక్సిలరేటర్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడు బాగా అరిగి గోడల మధ్య వదులుగా ఆడితే మాత్రం స్లో (ఐడ్లింగ్) ఎప్పటికీ నిలవదు. ఆ కార్బరేటర్‌తో కుస్తీ అనవసరం.

బిగించాక మీ టేపు గీతల దగ్గరికి రండి. వదిలినప్పటి నుంచి పావు దాకా తేడా ఉంటే పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకి వేలాడే నీడిల్. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. ఎయిర్ స్క్రూ ఒకటిన్నర తిప్పులతో మొదలుపెట్టి, వేడి ఇంజను మీద పావు తిప్పు చొప్పున జరపండి. లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది, బయటికి తిప్పితే పలచబడుతుంది. మూడు తిప్పులు దాటినా ఇంకా బయటికే అడుగుతుంటే పైలట్ జెట్టు పెద్దదయింది. అరతిప్పుకే ఆగిపోతే చిన్నదయింది. నీడిల్ క్లిప్పు ఒక గాటు పైకి మారిస్తే నీడిల్ కిందికి దిగి పలచన, కిందికి మారిస్తే చిక్కన.

పలచనా చిక్కనా అని సందేహం వస్తే, తేడా చేస్తున్న గీత దగ్గరే ఒక్క క్షణం చోక్ లాగండి. బండి తేరుకుంటే పలచన. ఇంకా చచ్చిపోతే చిక్కన.

8. రాయగడలో బాగుండి కొరాపుట్‌లో లాగకపోతే

అది రోగం కాదు. రాయగడ సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తులో ఉంది, కొరాపుట్ ఎనిమిది వందల పైన. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, జెట్టు మాత్రం అంతే పెట్రోలు ఇస్తుంది. అందుకే బండి బొంగురుగా, గుడగుడమంటూ నడుస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. పైనే ఉండేవాళ్ళు మెయిన్ జెట్టు ఒక సైజు తగ్గించుకోవచ్చు. కిందినుంచి ఆదివారం సరదాకి వెళ్ళేవాళ్ళు దాన్ని అలాగే భరించడం మంచిది. ఎందుకంటే పైన చిన్న జెట్టు వేసుకుని సాయంత్రం అలాగే పార్వతీపురం దిగితే కింద చిక్కటి గాలికి మిశ్రమం పలచనైపోతుంది, అదీ ఫుల్ యాక్సిలరేటర్ మీద. మిశ్రమం చిక్కగా ఉంటే ప్లగ్గు పోతుంది, పలచగా ఉంటే పిస్టన్ పోతుంది. పౌష మాసపు చలి పొద్దుల్లో కూడా గాలి చిక్కబడి, ఇదే కారణంతో బండి మిశ్రమం పలచబడుతుంది.

ఇంజను తప్పు కాని వాటిని కూడా ఓసారి చూసేయండి. వెనక చక్రం ఎత్తి తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. బ్రేకు పట్టేసినా, చైను మరీ బిగుతుగా ఉన్నా "లాగట్లేదు" అనే అనిపిస్తుంది. రేజింగ్ పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్లు.

నా బండికి సీలు మార్చాక గడియారం 300 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. స్టార్ట్ చేశాను. యాక్సిలరేటర్ వదిలీ వదలగానే రేజింగ్ పడిపోయింది. సంతోషంగా బయల్దేరితే రెండు కిలోమీటర్లకే గుడగుడమంటూ ఆగింది, ప్లగ్గు బొగ్గులా ఉంది. లీకుని కప్పిపుచ్చడానికి ఆ ముగ్గురూ పెంచుకుంటూ పోయిన మెయిన్ జెట్టు ఇంకా లోపలే ఉంది మరి. పాత కార్బరేటర్, దాని పాత జెట్టు ఒక గుడ్డలో కట్టి అటక మీద పెట్టి ఉంచాను కాబట్టి సరిపోయింది. మెకానిక్ మార్చిన ప్రతి పాత ముక్కా అడిగి ఇంటికి తెచ్చుకోండి.